తనిఖీకి వచ్చేటప్పుడు గునపం తెచ్చుకోండి

ఓపెన్‌కాస్ట్ (నేలను పైనుంచి తవ్వే) బొగ్గు గనుల మూసివేత ప్లాన్లు ఆమోదించే అధికారులకు, గోతులు పూడ్చి వాలు సరిచేసే పనికి ప్రమాణాలు రాసే ఇంజినీర్లకు, పని పూర్తయిందని సర్టిఫికెట్ ఇచ్చే తనిఖీ బృందాలకు నమస్కారం.

నేను సర్వేయర్‌ని. పదిహేడేళ్లు ఓపెన్‌కాస్ట్ గనుల్లో పనిచేశాను. బొగ్గు తీసేశాక మిగిలిన గోతిని పూడ్చి, ఓబీ కుప్పల్ని సర్ది, పైన మట్టి పరిచాక, అదంతా ప్లాన్‌లో గీసినట్టే వచ్చిందో లేదో కొలిచి కాగితం మీద పెట్టడం నా పని. (ఓబీ అంటే ఓవర్‌బర్డెన్. బొగ్గు పొర మీద ఉండే రాయి, మట్టి, ఇసుక అన్నిటికీ కలిపి గనుల్లో అదే పేరు.) నేను పెట్టిన కాగితాల మీద మీలాంటివాళ్లు సంతకాలు చేశారు. ఆ సంతకాలతో, నేలను బాగుచేస్తామని కంపెనీ హామీగా కట్టిన పూచీ సొమ్ము దానికి వెనక్కి వెళ్లిపోయింది. నా లెవెల్స్, అంటే నేల ఎత్తుల కొలతలు, తప్పని ఎవరూ అనలేదు, అవి తప్పు కావు కూడా. అయినా ఆ నేలలో చాలా భాగం బతకలేదు. అందుకే ఈ ఉత్తరం.

ముందు ఒక సంగతి చెప్తాను. ఒక గనిలో, పేరు అనవసరం, దాదాపు ముప్పై ఎకరాల వాలు సరిచేస్తున్నాం. డంపర్లు మట్టి తెచ్చి కుప్పలు పోస్తుంటే డోజర్ వాటిని నెట్టి, తొక్కి, మళ్లీ వెనక్కి వచ్చి బ్లేడుతో గీకి అద్దంలా చేస్తోంది. ఆపరేటర్ చెయ్యి తిరిగిన మనిషి. అతను దిద్దిన వాలు మీద నీళ్లు పోస్తే ఎక్కడా ఆగకుండా కిందికి జారిపోయేవి. దాన్ని మేం మెచ్చుకునేవాళ్లం. ఇంకో నాలుగెకరాలు ఉందనగా డోజర్‌ను నడిపించే ఫైనల్ డ్రైవ్ అనే భాగం పోయింది. స్పేర్లు రావడానికి వారాలు పట్టింది, ఈలోపు వానలు మొదలయ్యాయి. నర్సరీ నుంచి మొక్కలు వచ్చి కూర్చున్నాయి. చేసేదేం లేక ఆ నాలుగెకరాల్లో డంపర్లు పోసిన కుప్పలు కుప్పల మధ్యే మొక్కలు నాటేశారు. రిమార్క్స్ గళ్లో నేను 'అసంపూర్తి' అని రాశాను. ఆపరేటర్‌కైతే అది నామోషీ. ఎవరు వచ్చినా 'అది నేను వదిలేసింది కాదు సార్, బండి ఆగిపోయింది' అని సంజాయిషీ ఇచ్చుకునేవాడు.

ఏడేళ్ల తర్వాత పక్కనే ఇంకేదో సర్వే పనిమీద వెళ్లాను. పాత బెంచ్‌మార్క్, అంటే ఎత్తు ముందే తెలిసిన గుర్తు, పట్టుకోవాలి. టోటల్ స్టేషన్ అనే కొలత యంత్రం పెట్టి చూస్తే అవతల పట్టుకున్న ప్రిజం అద్దం కనబడలేదు. చెట్లు అడ్డం. ప్రిజం పట్టుకునే సహాయకుణ్ణి, చైన్‌మన్‌ని, ఇటు జరుగు, అటు జరుగు అని అరిచి అరిచి చివరికి నేనే నడిచి వెళ్లాను. అది మేం అసంపూర్తిగా వదిలేసిన నాలుగెకరాలు. తల పైకెత్తి చూడాల్సిన చెట్లు, కింద రాలిన ఆకు, కాలు పెడితే మెత్తగా దిగే నేల. అద్దంలా దిద్దిన వైపు మాత్రం ప్రిజంకు ఏ అడ్డమూ లేదు. నాటిన మొక్కల్లో సగం లేవు. ఉన్నవి నడుం ఎత్తులో ఆగిపోయి, ఆకులు పసుపెక్కి ఉన్నాయి. మధ్యలో అంతా గడ్డి.

చైన్‌మన్ దగ్గర పెగ్గులు పాతే గునపం ఉంది. దిద్దిన వైపు పొడిస్తే జానెడు దిగి ఠంగున ఆగింది. నాలుగు చోట్ల పొడిచాం, నాలుగు చోట్లా అంతే. అటువైపు పొడిస్తే మోచేతి లోతు దాకా దిగి, ఏదో రాయి తగిలితే పక్కకు తప్పుకుని ఇంకా దిగింది. చచ్చిన మొక్కను ఒకదాన్ని పీకి చూశాను. వేరు జానెడు కిందికి వెళ్లి, అక్కడ గోడ తగిలినట్టు అడ్డంగా తిరిగి, నాటిన గుంతలోనే చుట్టలు చుట్టుకుని ఉంది. కుండీలో పెరిగిన మొక్కను బయటికి తీస్తే ఎలా ఉంటుందో అలా. వానాకాలంలో ఆ గుంత నీళ్లు ఇంకని తొట్టి, ఎండాకాలంలో కాల్చిన ఇటుక.

రెండు వైపులా మట్టి ఒకటే, మొక్కలు ఒకటే, వాన ఒకటే. తేడా డోజర్ తొక్కడం ఒక్కటే. నేను సంతకం పెట్టింది చచ్చిన వైపుకు.

ఇది నా ఒక్కడి అనుభవం అయితే ఉత్తరం రాసేవాణ్ణి కాదు. తర్వాత చదువుకుంటే తెలిసింది, అమెరికా ఈ పాఠాన్ని చాలా ఖర్చు పెట్టి నేర్చుకుందని. అక్కడ అపలేచియన్ కొండల్లో ఒకప్పుడు బొగ్గు కోసం తవ్విన రాయినంతా కొండ కిందికి నెట్టేసేవారు. తవ్వకం ఆగిన చోట నిలువు రాతి గోడను, హైవాల్ అంటారు దాన్ని, అలాగే వదిలేసి వెళ్లేవారు. బండరాళ్లు దొర్లేవి, చరియలు విరిగేవి, వాగులు పూడిపోయేవి. జనం గట్టిగా పోరాడాక 1977 ఆగస్టు 3న అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకంతో ఓపెన్‌కాస్ట్ గనుల నియంత్రణ, పునరుద్ధరణ చట్టం వచ్చింది. తవ్వకానికి ముందు నేల ఏ రూపంలో ఉండేదో దాదాపు ఆ రూపానికి తేవాలి, హైవాల్ కనబడకూడదు, కుప్పలు మిగలకూడదు, పై మట్టిని విడిగా తీసి విడిగా దాచి మళ్లీ పైనే పరచాలి అని అందులో రాశారు. మంచి చట్టమే. దాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు.

అయితే చరియలకు భయపడిన అధికారులు, జరిమానాకు భయపడిన కంపెనీలు కలిసి నేలను పై దాకా తొక్కించారు. మట్టి కొట్టుకుపోకుండా ఫెస్క్యూ లాంటి దట్టమైన గడ్డి చల్లించారు. చెట్లు రాలేదు. వచ్చిన మొక్కను గడ్డి మింగేసింది. ఇరవై ఏళ్లు తిరిగేసరికి పరిశోధకులు గమనించింది ఏమిటంటే, చట్టం రాకముందు ఎవరూ పట్టించుకోకుండా వదిలేసిన వదులు రాళ్ల కుప్పల మీద చాలాచోట్ల మంచి అడవి పెరిగింది, చట్టం ప్రకారం శ్రద్ధగా సరిచేసిన చోట పెరగలేదు. చదివినప్పుడు నాకు మా నాలుగెకరాలు గుర్తొచ్చాయి.

1996, 97 ప్రాంతంలో తూర్పు కెంటకీలోని స్టార్‌ఫైర్ గనిలో కెంటకీ విశ్వవిద్యాలయం వాళ్లు దీన్ని పక్కపక్కన ప్లాట్లు పెట్టి చూశారు. ఒకచోట మామూలు పద్ధతిలో తొక్కించారు. ఒకచోట డంపర్ పోసిన కుప్పల తలలు మాత్రం డోజర్‌తో ఒకసారి కొట్టి వదిలేశారు. ఇంకోచోట కుప్పల్ని ముట్టుకోనే లేదు. తొక్కిన ప్లాట్లలో చెట్లు మిగతా రెండిటి దరిదాపుల్లోకి రాలేదు. 2004లో అక్కడి గనుల అధికారులు, అటవీ శాస్త్రజ్ఞులు కలిసి ఒక ప్రాంతీయ కార్యక్రమం మొదలుపెట్టి తేల్చి చెప్పిన మొదటి మాట ఇదే: వేళ్లు దిగే మట్టి కనీసం నాలుగు అడుగులు, అంటే 1.2 మీటర్లు, తొక్కకుండా వదులుగా ఉండాలి. పొలం నేల సంగతీ అంతే. ఇల్లినాయ్‌లో మొక్కజొన్న పండే భూములను తవ్వి మళ్లీ పొలాలు చేసేటప్పుడు, నేల మీద తిరుగుతూ మట్టి పరిచే స్క్రేపర్లు వాడిన చోట దిగుబడి బాగా పడిపోయింది. షావెల్‌తో ఎత్తి డంపర్‌తో పోసిన చోట నయం.

ఎందుకలా అంటే పెద్ద రహస్యం ఏమీ లేదు. ఒక ఘన సెంటీమీటరు మంచి మట్టి 1.2, 1.3 గ్రాములు తూగుతుంది. దాదాపు సగం ఖాళీ, ఆ ఖాళీలోనే గాలి, నీళ్లు, వేళ్లు. మట్టిలో ఇసుక, బంక పాళ్లను బట్టి కొంచెం అటూ ఇటూ అయినా, 1.7 దాటితే చాలా చెట్ల వేళ్లకు దారి దొరకదు. యాభై టన్నుల డోజర్, లోడుతో కలిపి నూట యాభై దాటే డంపర్ తిరిగితే అక్కడికి చేరడానికి ఎంతోసేపు పట్టదు. నష్టంలో ఎక్కువ భాగం మొదటి ఒకటి రెండు ట్రిప్పుల్లోనే జరిగిపోతుంది. మట్టి తడిగా ఉంటే చెప్పనే అక్కర్లేదు. ఆ తర్వాత రిప్పర్ (డోజర్ వెనక ఉండే ఇనుప కొక్కెం) వేసి చీలుస్తాం కదా అంటారు కొందరు. వేయండి, ఏమీ చేయనిదానికంటే నయమే. కానీ అది బాగా ఎండిన నేల మీద, లోతుగా, అడ్డంగా నిలువుగా వేయాలి. తడి మట్టిలో రిప్పర్ లాగితే గీత పడుతుంది, మట్టి పగలదు. నేను చూసిన రిప్పింగ్‌లో ఎక్కువ వంతు వానలు పడ్డాక, బిల్లు కోసం వేసిందే.

ఇక మీ ఫారాల సంగతి. వాలు ఎన్ని డిగ్రీలు, ఎత్తు ఎంత, బెంచీ (గుట్ట మీది మెట్టు) వెడల్పు ఎంత, ఎన్ని మొక్కలు నాటారు, పచ్చదనం ఎంత శాతం. ఇవన్నీ పైనుంచి కనబడేవే. ఇప్పుడు డ్రోన్లు వచ్చాక ఆఫీసులో కూర్చునే చూసేయొచ్చు. మూడడుగుల లోపల ఏముందో చెప్పే గడి ఒక్కటి నేను నింపలేదు, ఎందుకంటే అలాంటి గడి లేదు.

డబ్బు కూడా దాని వెంటే నడుస్తుంది. అమెరికా చట్టంలోనే చూడండి, పూడ్చడం, చదును, డ్రైనేజీ పూర్తయిందంటే పూచీ సొమ్ములో 60 శాతం దాకా వదిలేయొచ్చు. మిగిలింది మొక్కలు నిలబడ్డాక. కంపెనీ బాధ్యతా కాలం మాత్రం వాన బాగా పడే చోట ఐదేళ్లు, సాలుకు 26 అంగుళాలు మించి పడని చోట పదేళ్లు. పదేళ్లు అని రాసినవారికి నా దండం. కానీ పెద్ద వాటా రూపం చూసే ఇచ్చేశాక, లోపల నేల గట్టిపడిందని మూడేళ్లకు తెలిస్తే మళ్లీ పెద్ద యంత్రాలు తెచ్చి దాన్ని విప్పేదెవరు? అప్పటికి డోజర్లు వేరే గనికి వెళ్లిపోయి ఉంటాయి. ఇండియాలో 2009 ఆగస్టులో వచ్చిన మూసివేత మార్గదర్శకాలు ఓపెన్‌కాస్ట్‌కు హెక్టారుకు ఆరు లక్షల రూపాయల లెక్కన ఎస్క్రో ఖాతాలో, అంటే షరతు తీరేదాకా కంపెనీ తీసుకోలేని ఖాతాలో, వేయమన్నాయి. 2020 జనవరిలో సుప్రీంకోర్టు, తవ్వకం ఆగిన చోట మళ్లీ గడ్డి మొలిపించాలని, మేతకు, మొక్కలకు, జంతువులకు పనికొచ్చే నేలగా చేయాలని లీజుల్లో షరతు పెట్టమంది. సొమ్ము పక్కన పెట్టించడం, షరతు రాయడం, రెండూ కావాల్సినవే. నేను అడిగేది ఆ సొమ్ము ఏ పరీక్ష చూసి విడుదలవుతుందని.

ఇక్కడ మీలో అనుభవం ఉన్న ఇంజినీరు తప్పకుండా ఒక మాట అంటారు. వదులుగా వదిలేస్తే జారదా అని. న్యాయమైన ప్రశ్న. 1966 అక్టోబరు 21న వేల్స్‌లోని అబర్‌ఫాన్‌లో బొగ్గు గని వ్యర్థాల గుట్ట జారి బడి మీద పడింది. 144 మంది పోయారు, అందులో 116 మంది పిల్లలు. అది భూగర్భ గని తాలూకు గుట్టే అయినా, వ్యర్థాలు పోసే ప్రతివాడూ గుర్తుంచుకోవాల్సిన తేదీ. ఆ ఏడో నంబరు గుట్టను నీటి ఊట మీద పోశారు. గుట్ట కడుపులో నీరు చేరింది. 2009 జులైలో జర్మనీలోని నాఖ్‌టర్‌ష్టెట్‌లో, పాత బొగ్గు గోతిని నీటితో నింపి చెరువు చేస్తుండగా ఒడ్డు విరిగి ఇళ్లతో సహా చెరువులోకి జారింది, ముగ్గురు చనిపోయారు. అదే దేశంలో లుసాషియా ప్రాంతంలో పాత గోతుల చుట్టూ పోసిన ఇసుక నీరు తగిలితే ఒక్కసారిగా ద్రవంలా పారుతుంది. అందుకని దాన్ని లోతుగా కంపనాలతో కుదించి గట్టి చేస్తారు. అక్కడ గట్టి చేయడం ప్రాణాలకు సంబంధించిన పని.

అందుకే నేను మొత్తం వదులుగా ఉంచమనడం లేదు. కడుపులో గట్టిగా, చర్మం గుల్లగా ఉండాలి. పునాదిని ఊటలు లేని చోట ఎంచుకుని, లోపల నీరు బయటికి పోయే దారి పెట్టి, పొరలు పొరలుగా పోసి కుదించండి. దాని మీద పైన పోసే ఆఖరి నాలుగడుగుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం పద్ధతి మార్చండి. డంపర్ వెనక్కి వచ్చి కుప్ప పోసి వెళ్లిపోవాలి, పోసిన కుప్ప మీదికి ఎక్కకూడదు. కుప్ప పక్కన కుప్ప. చివర్లో తేలికైన డోజర్ ఒక్కసారి, మహా అయితే రెండుసార్లు, తలలు కొట్టి దిగిపోవాలి. గతుకులు ఉంటాయి. ఉండనివ్వండి. వాన నీరు ఆగి ఇంకేది ఆ గతుకుల్లోనే. నున్నటి వాలు మీద నీరు ఇంకదు, పరుగెడుతుంది. పరుగెత్తే నీరే మట్టిని తీసుకుపోయేది. డీజిల్ కూడా ఆదా. తక్కువ పనికి ఎక్కువ ఫలితం వస్తుందంటే అనుమానం రావడం సహజం, నాకూ వచ్చింది.

నీటి గురించి ఇంకో మాట, సర్వేయర్‌గా ఇది నా సొంత కడుపుమంట. మీ ప్లాన్లలో గుట్టలు మెట్లు మెట్లుగా ఉంటాయి. మెట్టు, మెట్టు మీద కాలువ, కాలువ నుంచి నిలువుగా కిందికి రాళ్లు పేర్చిన తూము. కాగితం మీద చక్కగా ఉంటుంది. పేల్చి తవ్విన రాయి ఉబ్బుతుంది, నూరు పాళ్లు తవ్వితే నూట ఇరవై, నూట ముప్పై పాళ్లవుతుంది. పోశాక ఏళ్ల తరబడి కుంగుతుంది. కుంగేది అంతటా సమానంగా కుంగదు. అరవై మీటర్ల మందం పోసిన చోట ఎక్కువ, పాత గట్టు అంచున తక్కువ. నేను ఒకటికి మూడుసార్లు చూసి లెవెల్ ఇచ్చిన కాలువ మూడో ఏటికి మధ్యలో జానెడు కుంగి, వెళ్లాల్సిన నీరు వెనక్కి వచ్చి అక్కడ నిలిచింది. ఓ రాత్రి పెద్ద వాన పడి ఆ పల్లం నిండి, మెట్టు అంచు తెగింది. తెగిన నీరు కింది మెట్టు మీద పడింది, అదీ తెగింది. పొద్దున్నే వెళ్లి చూస్తే పైనుంచి కింది దాకా మనిషి లోతు గండి. తూము మాత్రం పొడిగా, కొత్తగా, చెక్కు చెదరకుండా ఉంది. దాని దాకా నీరు వెళితే కదా.

పాత కొండల్ని చూడండి. పైన కొంచెం ఉబ్బి, కిందికి వచ్చేకొద్దీ లోపలికి వంగి, వాలు నెమ్మదిస్తుంది. నీరు ఎక్కువయ్యే చోట వాలు తక్కువ. చిన్న పాయలు వంకర్లు తిరుగుతూ పెద్ద పాయలో కలుస్తాయి. మనం కట్టే గుట్ట తిన్నగా రూళ్లకర్ర పెట్టి గీసినట్టు ఉంటుంది, నీరు ఎక్కువై వేగం పెరిగే అడుగు భాగంలో కూడా అంతే వాలు. న్యూ మెక్సికోలో లా ప్లాటా, సాన్ హ్వాన్ గనుల్లో నికొలస్ బుగోష్ అనే భూశాస్త్రజ్ఞుడి పద్ధతిలో మెట్లు మానేసి వాగులు, వంకలు ఉన్న కొండల్లాగే నేలను మలిచారు. ముందు నీటి దారులు గీసి, ఆ తర్వాత వాటి చుట్టూ గుట్ట గీస్తారు. దీనికి కొలవడం కష్టం, ఆపరేటర్లకు కొత్త అలవాటు కావాలి, జాగా కూడా కొంచెం ఎక్కువ పట్టొచ్చు. అంచు మీది నుంచి కిందికి పోసిన ఓబీ తనంతట తాను 37, 38 డిగ్రీల దగ్గర ఆగుతుంది. మూసివేతకు 28 డిగ్రీలు దాటొద్దని షరతు పెడతారు. ఆ 28 కొండంతా ఒకే 28 కానక్కర్లేదని మీరు ఒక వాక్యం కలిపితే చాలు, నాలాంటివాళ్లు ధైర్యంగా వంకర గీతలు గీస్తారు.

రాయి గురించి క్లుప్తంగా. బొగ్గు దగ్గరి రాళ్లలో పైరైట్ ఉంటే, దానికి గాలి, నీరు తగిలి సల్ఫ్యూరిక్ యాసిడ్ పుడుతుంది. నారింజ రంగు నీరు కారుతున్న గుట్టను చూసినవారికి వేరే చెప్పనక్కర్లేదు. వెయ్యి టన్నుల రాయిలో ఒక్క శాతం పైరైట్ గంధకం ఉంటే అది పుట్టించే యాసిడ్‌ను చంపడానికి 31.25 టన్నుల సున్నపురాయి కావాలి. ఈ లెక్క తవ్వకముందు బోరు వేసి తీసిన రాళ్లను పరీక్షించి వేయాల్సింది. పోసేశాక వేస్తే ఏ డంపర్ ఏ రాయి ఎక్కడ పోసిందో ఎవరికీ గుర్తుండదు. మీ దగ్గరికి వచ్చే ప్లాన్‌లో ఏ పొర రాయి గుట్టలో ఏ ఎత్తున పడుతుందో లేకపోతే వెనక్కి పంపండి.

పై మట్టి సంగతి అందరూ రాస్తారు, అందరూ మర్చిపోతారు. విడిగా తీసి దాచడం అంటే పది మీటర్ల ఎత్తు గుట్ట వేసి పన్నెండేళ్లు వదిలేయడం కాదు. అంత ఎత్తున లోపల గాలి ఆడదు. విత్తనాలు పోతాయి, వేళ్లకు సాయపడే బూజు తీగలు పోతాయి, వానపాములు పోతాయి. మిగిలేది పై మట్టి రంగున్న మామూలు మట్టి. ముందున్న కోతలో తీసిన మట్టిని వెనకున్న పూడికమీద అదే నెలలో పరిచేలా తవ్వకం వరస వేసుకోవచ్చు. అలా చేసిన చోట నాటకుండానే రకరకాల మొక్కలు లేచాయి, నేను కళ్లారా చూశాను. వరస కుదరకపోతే ఎత్తు తక్కువ కుప్పలు, ఎక్కువ జాగా. జాగా లేదంటారు. ఓబీకి దొరికిన జాగా దీనికి ఎందుకు దొరకదో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

మిగిలిపోయే ఆఖరి గోతుల గురించి నేను ఎక్కువ రాయను, అది వేరే ఉత్తరం. జర్మనీలో జెన్ఫ్‌టెన్‌బెర్గ్ దగ్గర పాత గోతిని నింపి 1973లో జనానికి చెరువుగా ఇచ్చారు, ఇప్పటికీ ఈతకు వెళతారు. అన్ని గోతులకూ ఆ అదృష్టం పట్టదు. నీటి గుణం, ఒడ్డు నిలకడ తేలకుండా 'జలాశయం' అని ప్లాన్‌లో నీలం రంగు వేస్తే ఒప్పుకోకండి, అంతే.

ఇప్పుడు నేను అడిగేది. పెద్ద మార్పు కాదు, ఫారంలో కొన్ని గళ్లు. చదును పనికి సొమ్ము వదిలే ముందు ప్రతి హెక్టారులో రెండు మూడు చోట్ల, మీరు చూపించిన చోట, కాంట్రాక్టర్ చూపించిన చోట కాదు, 1.2 మీటర్ల పరీక్ష గుంత తవ్వించండి. లోతుకో చోట మట్టి తీసి సాంద్రత తూచండి. ఒక ఇనుప రింగు నేలలోకి దిగ్గొట్టి నీళ్లు పోసి, గంటలో ఎంత ఇంకిందో రాయండి. ఇంత ఖర్చు ఎందుకంటే గునపం చాలు. ఒక మనిషి మామూలు బలంతో పొడిస్తే ఎంత దిగిందో రాయండి. శాస్త్రీయం కాదని నవ్వొచ్చు, కానీ నా పదిహేడేళ్ల లెవెల్స్ చెప్పని నిజం అది అరనిమిషంలో చెప్పింది. దిగకపోతే సొమ్ము ఆపండి. యంత్రాలు ఇంకా సైట్‌లోనే ఉంటాయి, విప్పడానికి అప్పుడే వీలు. పచ్చదనం శాతం రాసే గడి పక్కన, చెట్ల ఎత్తు నిరుటికీ ఈ ఏటికీ ఎంత పెరిగిందో రాసే గడి పెట్టండి. గడ్డి మూడు నెలల్లో కప్పేస్తుంది, ఎత్తు అబద్ధం చెప్పలేదు. కుంగుబాటు చూడటానికి మూడో ఏట, ఐదో ఏట లెవెల్స్ మళ్లీ తీయించండి. ఈ పనికి నాలాంటివాళ్లను పిలిస్తే సంతోషంగా వస్తాం.

ఇంకొక్కటి. టెండర్‌లో 'నున్నగా చదును చేయవలెను' అని ఉండే మాట కొట్టేయండి. ఆ మాట ఎన్ని గనుల టెండర్లలో ఒకదాన్ని చూసి ఒకటి కాపీ అయి వచ్చిందో నాకు తెలుసు. డోజర్ నడిపే మనిషి ఆ మాటనే నమ్ముకుని పని చేస్తాడు. గతుకులు వదిలితే బిల్లు కోస్తారని, సూపర్‌వైజర్ తిడతాడని అతని టెన్షన్. పరీక్ష గుంత తవ్విన రోజు, దాన్ని పూడ్చేముందు అతన్ని పిలిచి లోపలికి దిగి చూడమనండి. వేరు ఎక్కడ దాకా వెళ్లిందో, ఎక్కడ అడ్డం తిరిగిందో చేత్తో పట్టుకుని చూడనివ్వండి. మా ఆపరేటర్‌కు ఆ నాలుగెకరాలు చూపిద్దామనుకున్నాను. నేను తిరిగి వెళ్లేసరికే అతను రిటైరై వెళ్లిపోయాడు, అసంపూర్తిగా వదిలేశానన్న నామోషీతోనే.

ఇట్లు,
ఒక మాజీ గని సర్వేయర్